పండిన తేయాకు, వండిన తేయాకు

సంస్కృతంలో 'పక్వము' అన్న మాటకు వండినది, పండినది అని రెండర్థాలున్నాయి. దాని ఎదురుమాట 'ఆమము' వండనిదానికీ, పండనిదానికీ కూడా చెల్లుతుంది. చీనాభాషలోనూ సరిగ్గా ఇటువంటి జంటపదాలున్నాయి. 'షెంగ్' అంటే పచ్చిది. 'షౌ' అంటే వండినదీ, పండినదీ కూడా. యున్నాన్ రాష్ట్రపు పుయెర్ తేయాకును ఈ రెండు మాటలతోనే విభజిస్తారు. ఆ తేయాకు చరిత్రలోని చిక్కంతా ఈ శ్లేషలోనే ఇమిడి ఉన్నదని నాకు తోస్తుంది.

యున్నాన్ దక్షిణపు కొసన, మేకాంగ్ నదికి ఇరుప్రక్కల ఉన్న కొండలలో పెద్ద ఆకుల తేయాకు పెరుగుతుంది. మన అస్సాం తేయాకుదీ ఆ వంశమే. అక్కడి పాత చెట్లు నడుమెత్తున కత్తిరించిన పొదలు కావు. ఎక్కి కోయవలసిన మానులు. కోసిన ఆకును వడలనిచ్చి, మూకుడులో వేయించి, నలిపి, ఎండలో ఆరబెడతారు. తరువాత ఆవిరి పట్టి, గుడ్డసంచిలో మూటకట్టి, రాతిదిమ్మ క్రింద అదిమి బిళ్ళ చేస్తారు. బిళ్ళ సాధారణంగా 357 గ్రాములు తూగుతుంది. ఏడు బిళ్ళలను వెదురు పట్టలో చుడితే ఒక కట్ట, రమారమి రెండున్నర కిలోలు. గిన్నె ఆకారంలో ఉండేదాన్ని 'త్వో' అనీ, ఇటుకలా ఉండేదాన్ని 'జ్వాన్' అనీ అంటారు.

ఇలా అదమడం ఎందుకు? మోయడానికి. 1391లో మింగ్ వంశపు తొలి చక్రవర్తి కప్పంగా వచ్చే తేయాకును అచ్చులు కట్టవద్దని శాసించాడు. దేశమధ్యంలోని వారు విడి ఆకుకు అలవాటుపడ్డారు గాని, సరిహద్దు సీమలో ఆ ముచ్చట సాగలేదు. కంచరగాడిదల మీద కొండలు దాటి టిబెట్టుకు చేరవలసిన సరుకు మరి! పుయెర్ అన్నది ఆ సరుకు ప్రోగుపడిన సంత ఊరి పేరు. 1729లో చింగ్ ప్రభువులు ఆ పేరుతో ఒక మండలాన్నే ఏర్పరచి, మేలైన ఆకును పెకింగు రాజభవనానికి రప్పించుకున్నారు.

నెలల తరబడి సాగే దారిలో తేమా, ఎండా సోకి బిళ్ళలోని ఆకు మెల్లగా మారేది. చేదు తగ్గి, రంగు చిక్కబడి, నునుపు తేలేది. ఇది ఎవరూ తలపెట్టి చేసినది కాదు. దారి చేసిన పని. పాత బియ్యానికీ, పాత బెల్లానికీ విలువ కట్టడం తెలిసిన మనకు ఇందులో వింతేమీ లేదు. 'పాతచింతకాయ పచ్చడి' అని వెక్కిరించేవారు కూడా దానిని కంచంలో వద్దనరు గదా.

ఇరవయ్యో శతాబ్ది పూర్వార్ధంలో ఈ సరుకు మన దేశం మీదుగానూ నడిచింది. మెంగ్‌హాయ్ నుండి బర్మా గుండా రంగూనుకు, అక్కడినుండి ఓడలో కలకత్తాకు, రైలులో హిమాలయపాదానికి, కాలింపాంగు నుండి తిరిగి కంచరగాడిదల మీద లాసాకు! టిబెట్టువారికి అస్సాం తేయాకును అలవాటు చేయాలని ఆంగ్లేయులు ఆశపడుతూండగా, వారి రైళ్ళే చీనా తేయాకును మోసిపెట్టాయి.

హాంగ్‌కాంగు ఫలహారశాలలలో పాత పుయెర్‌కు గిరాకీ పెరిగింది. ఏళ్ళ తరబడి కాచుకొనే ఓపిక వర్తకానికి ఉండదు. అందుచేత 1973 ప్రాంతంలో కున్మింగ్ కర్మాగారంవారు కొత్త పద్ధతి సాధించారు. ఆకును కుప్పపోసి, నీళ్ళు చిలికి, గుడ్డ కప్పుతారు. బూజులూ, సూక్ష్మజీవులూ పెరిగి కుప్ప లోపల వేడి 50, 60 డిగ్రీలకు చేరుతుంది. అడపాదడపా తిరగవేస్తూ ఉంటే నెలన్నర, రెండు నెలలకు ఆకు నల్లబడుతుంది. అదే 'షౌ'.

నా పూర్వవిద్యార్థి ఒకడు రెండు రకాల తునకలూ తెచ్చి యిచ్చాడు. లేత షెంగ్ మొదట చేదు, వగరు. మ్రింగిన కాసేపటికి గొంతులో తీపి ఊరుతుంది. షౌ కాఫీ వలె నల్లన. తొలకరి మట్టివాసన, మెత్తని రుచి. నా మట్టుకు నాకు షౌ మీద కోపమేమీ లేదు. దానిని వండినదనాలి, అంతే. చిత్రమేమిటంటే, యాభై ఏళ్ళు మాగిన బిళ్ళకు ఈనాటికీ పచ్చిదనే పేరు. రెండు నెలలు మగ్గినది పక్వమైనది!

ఈ శ్లేష మాటున వ్యాపారం దూరింది. ముదిమికి ధర పలకడంతో లేతది ముదురుగా చలామణీ అయింది. ప్రసిద్ధమైన 7542 అన్న గుర్తునే చూడండి. 75 అంటే ఆ ఆకుల పాళ్ళు నిర్ణయించిన ఏడు, బిళ్ళ పుట్టిన ఏడు కాదు. 4 ఆకు తరగతి. 2 మెంగ్‌హాయ్ కర్మాగారం. ఇది తెలియనివాడు నిన్నటి బిళ్ళకు 1975 నాటి ధర చెల్లించగలడు. 2007లో సిమావ్ పట్టణం పుయెర్ అని పేరు మార్చుకున్నది. ఆ యేడే ఆకాశాన్నంటిన ధరలు కూలి, సరుకు దాచుకున్నవారు దెబ్బతిన్నారు. మరుసటి యేడు వచ్చిన ప్రమాణాలు, యున్నాన్ పెద్దాకును ఎండబెట్టి చేసినదే పుయెర్ అని తేల్చి, పచ్చిదానికీ, పక్వానికీ సమానంగా పీట వేశాయి.

ఇంత గొడవలో బ్లాంగ్, దాయ్ తెగల కొండవాసుల మాట చాలాకాలం ఎవరికీ పట్టలేదు. అడవి నీడలోనే తేయాకు పెంచి, ఆ చెట్లలో దేవతలుంటారని నమ్మి కొలిచే వారి జింగ్‌మాయ్ కొండను 2023లో యునెస్కో ప్రపంచవారసత్వ జాబితాలో చేర్చింది.

దొరికితే మీరూ త్రాగి చూడండి. మరిగిన నీళ్ళు పోసి, మొదటిసారి దిగినదాన్ని పారబోయాలి. అదే ఆకు తరువాత అయిదారు మార్లు దిగుతుంది. పాలు పోయకూడదని రసజ్ఞులంటారు. టిబెట్టువారేమో వెన్నా, ఉప్పూ వేసి చిలికి మరీ త్రాగుతారు.