హాస్టల్: ఒక మంచం, మూడు అర్థాలు
తొలిసారి యూరప్ వెళ్తున్న మేనల్లుడు బెర్లిన్‌లో హాస్టల్ బుక్ చేశానంటే మా అక్క, ‘మళ్లీ హాస్టలేమిట్రా, వార్డెన్ ఒప్పుకుంటాడా?’ అంది. మనకు హాస్టలంటే చదువుకునే పిల్లల వసతిగృహం. అక్కడ గదికి కాక మంచానికి అద్దె కట్టే బాటసారుల బస. మూలం లాటిన్ ‘హోస్పెస్’. అతిథికీ, ఆతిథ్యమిచ్చేవాడికీ అదే మాట. హాస్పిటల్‌దీ ఆ వంశమే. పాత ఫ్రెంచి ‘హోస్తెల్’లో సకారం నిలిస్తే హాస్టల్, జారితే హోటల్. మనం హోటల్‌ను ఇడ్లీకి, హాస్టల్‌ను చదువుకి పంచేశాం. జర్మనీ బడిపంతులు రిచర్డ్ షిర్మాన్ 1912లో ఆల్టెనా కోటలో యూత్ హాస్టల్ తెరిచి ఆ తరహా బసకు దారి వేశాడు. ఒకనాడు దీర్ఘయజ్ఞాన్ని చెప్పిన మన ‘సత్రం’ కూడా చివరికి యాత్రికుల బసే అయింది. అందుకే మేనల్లుడితో అన్నాను: సత్రానికి వెళ్తున్నాననుకో, తాళంకప్ప, తువ్వాలు మరవకు.