క్రాస్ ఎడ్యుకేషన్ (వ్యాయామ శాస్త్రం)

ఒక పక్క చేతికో కాలికో బలం పెంచే వ్యాయామం చేస్తే, వ్యాయామం చేయని రెండో పక్క అవే కండరాలకూ కొంత బలం చేకూరడాన్ని క్రాస్ ఎడ్యుకేషన్ అంటారు. ఎముక విరిగి కట్టులో ఉన్నప్పుడు, శస్త్రచికిత్స తర్వాత కాలో చేయో కదపలేనప్పుడు సాధన పూర్తిగా ఆగిపోకుండా ఇది తోడ్పడుతుంది.

చరిత్ర: అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ మనస్తత్వశాస్త్ర ప్రయోగశాలలో ఎడ్వర్డ్ వీలర్ స్క్రిప్చర్, ఆయన సహచరులు 1894లో దీన్ని వెల్లడించారు. కుడి చేత్తో రబ్బరు బుడ్డిని పిండుతూ సాధన చేస్తే ఎడమ చేతి పట్టూ పెరిగినట్టు నమోదు చేశారు.

కారణం: సాధన లేని పక్క కండరం చెప్పుకోదగ్గంతగా లావెక్కదు. మార్పు ప్రధానంగా నాడీవ్యవస్థలో వస్తుంది. ఒక చేయి గట్టిగా శ్రమించినప్పుడు మెదడు రెండు అర్ధగోళాల్లోనూ చలన కేంద్రాలు ఉత్తేజితమవుతాయి.

ఉపయోగం: ఆరోగ్యవంతులపై జరిగిన అధ్యయనాలను కలిపి చూస్తే, రెండో పక్క బలం సగటున 8 నుంచి 12 శాతం పెరిగింది. బరువును అదుపుతో నెమ్మదిగా దించే వ్యాయామాల్లో ఈ లాభం ఎక్కువ. మణికట్టు విరిగిన క్రీడాకారులు బాగున్న చేత్తో డంబెల్ కర్ల్స్ కొనసాగించవచ్చు.

పరిమితులు: ఇది గాయాన్ని మాన్పదు, బలం తరిగిపోవడాన్ని నెమ్మదింపజేస్తుంది. గాయపడిన భాగంతో బరువు ఎప్పుడు ఎత్తాలో వైద్యులు, ఫిజియోథెరపిస్టులే నిర్ణయించాలి. నొప్పిని ఓర్చుకుంటూ ఎత్తడం పట్టుదల కాదు, ప్రమాదం.