బడిపట్టికయు చరిత్రయు

దేశచరిత్ర రాజశాసనములయందే కాదు, బడిపంతులు వ్రాసిన పట్టికయందును నిలుచును. ఆ పట్టిక సత్యమైనచో రాబోవు తరములకు సాక్షి యగును. లేనిచో వారి వాదములకు ఆధారమే యుండదు. ఇందులకు మన సీమ చరిత్రయే దృష్టాంతము.

1822 జూన్ 25వ తేదీన చెన్నపురి గవర్నరు సర్ తామస్ మన్రో ప్రతి జిల్లాలోని బడులను, విద్యార్థులను లెక్కించి పంపుడని కలెక్టరుల కాజ్ఞ యిచ్చెను. నాడు మదనపల్లె కడపజిల్లాలోనిది. పుంగనూరును, కంగుంది జమీలోని కుప్పమును ఉత్తరార్కాటులోనివి. 1911లో చిత్తూరుజిల్లా యేర్పడినప్పుడే యీ మూడును ఒక జిల్లాలోనికి వచ్చినవి. కడపజిల్లాలో 494 బడులు, 5,892 మంది విద్యార్థులు ఉన్నట్లు తేలెను. 1826 నాటికి రాజధాని యంతటికి 12,498 బడులు, 1,88,650 మంది విద్యార్థులు, జనసంఖ్య 1,28,50,941. అనగా సుమారు 68 మందికి ఒక్కరు.

మన్రో యీ యంకెతో తృప్తిపడలేదు. ఐదు మొదలు పదియేండ్ల వఱకు గల బాలురను మాత్రమే గణించిన, నలుగురిలో నొకడు బడికి వచ్చుచుండెనని యాతడు కనుగొనెను. ఇండ్లయందు చదువుకొనువారిని చేర్చినచో ఆ భాగము మూడవ వంతునకు చేరువ యగునని యూహించెను. చెన్నపట్టణమున ఇంట చదువువారు 26,903 మంది యని వచ్చిన లెక్కలో పొరపాటుండవచ్చునని శంకించెను. అయినను ఆ లెక్కను దాచలేదు, తన శంకను దాచలేదు. లెక్క వ్రాయువాని ధర్మమిదియే.

బళ్లారి కలెక్టరు కాంబెలు 1823 ఆగస్టు 17వ తేదీన పంపిన నివేదికలో వీధిబడి యాచార మొకటి వర్ణించెను. ఉదయమున మొదట వచ్చిన బాలుని యఱచేత సరస్వతి పేరును, రెండవవాని చేత సున్నయు వ్రాయుదురు. మూడవవానికి ఒక దెబ్బ, నాలవవానికి రెండు, అటుపై వచ్చినవారికి ఒక్కొక్కటి హెచ్చు. అదియు హాజరుపట్టికయే, కాని సాయంకాలమునకు చెఱిగిపోవునది. పూర్వము బడులున్న పల్లెలు పెక్కింట ఇప్పుడు బడులు లేవనియు కాంబెలు వ్రాసెను. ఆ పూర్వపు బడు లెన్ని? అందు చదివినవా రెందఱు? చేతిపై వ్రాసిన లెక్క బదులు చెప్పజాలదు.

ఈ కొఱత 1931లో బయటపడెను. అక్టోబరు 20వ తేదీన లండనులో గాంధీమహాత్ముడు, ఏబది నూఱేండ్ల క్రిందటికంటె భారతదేశమున నిరక్షరాస్యత హెచ్చినదని పలికెను. సర్ ఫిలిప్ హార్టాగు ఆధారము చూపుమనెను. వాదము సంవత్సరములు సాగెను. 1983లో ధరంపాలు మన్రోనాటి లెక్కలను గ్రంథముగా ప్రకటించినపుడు మరల చిగిర్చెను. ఇరుపక్షములకును శరణ్యము ఆ పాత పట్టికలే.

పట్టిక పై యధికారికొఱకే యనుకొనరాదు. ఇరువదవ శతాబ్దపు తుదిభాగమున మదనపల్లె చేరువనున్న ఋషివ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రమువారు పాఠములను నిచ్చెనమెట్లుగా నమర్చిరి. ఏ బాలుడు ఏ మెట్టుపై నున్నాడో గుర్తుండును గాన, కోతలకు పోయి వారము దినములు రానివాడు తాను విడిచిన మెట్టునుండియే మరల మొదలిడును. ఇచ్చట లెక్క బాలుని శిక్షించుటకు గాక చేయూత యిచ్చుట కేర్పడినది.

రాని బాలునికి హాజరు వేసిన ఉపాధ్యాయుడు ఆ దినమున పరీక్షాధికారిని మెప్పింపవచ్చును. కాని ఆ బాలుడేల రాలేదని యడుగువా రిక నుండరు. కాగితముపై వాడు బడిలోనే యున్నాడు గదా! పంతులు కలము చేసిన యా యొక్క గీటుచే ఒక బిడ్డ చదువుకును దూరమగును, చరిత్రకును దూరమగును.