‘మాఫీ’ నుంచి మొబైల్ దాకా: ఒమన్‌లో మన భాష చదువు

కొత్తగా క్యాంపుకు వచ్చిన తమ్ముళ్లకు మేము మొదటే ఒక మాట చెబుతుంటాం. జీతం రోజున ఫోర్‌మన్ ‘ఫులూస్ మాఫీ’ అంటే సంబరపడకండి అని. ఊళ్లో రుణమాఫీ గురించి విని వచ్చిన చెవికి అప్పు రద్దయినట్టు వినిపిస్తుంది. ఇక్కడ దాని అర్థం ‘డబ్బు లేదు’ అని. మన మాఫీ కూడా ఉర్దూ మీదుగా వచ్చిన అరబ్బీ మాటే, కానీ అది మన్నింపు అనే వేరే మాట. ఇలాంటి తేడాలు మనవాళ్లు ఎలా నేర్చుకున్నారు, సెల్‌ఫోన్ వచ్చాక ఆ చదువు ఎలా మారింది అన్నది ఈ వారం చూద్దాం.

పైసా ఇటు, హక్కు అటు

ఒమన్‌తో మన దేశానికి మాటల ఇచ్చిపుచ్చుకోవడం ఈనాటిది కాదు. గల్ఫ్ కోసం మన రిజర్వు బ్యాంకు 1959లో ప్రత్యేకంగా ముద్రించిన రూపాయి 1970 దాకా మస్కట్‌లో చెల్లింది. ఇప్పుడు రియాల్‌లో వెయ్యో వంతును ‘బైసా’ అంటున్నారు కదా, అది మన పైసాయే. గ్వాదర్ రేవు 1958 దాకా ఒమన్ సుల్తానుల చేతిలో ఉండేది. బలూచీ మాట్లాడే ఒమనీలు ఇక్కడ ఎందరో ఉన్నారు. రూయి, మత్రా బజార్లలో హిందీతో పని జరిగిపోవడం వెనుక ఇంత చరిత్ర ఉంది. అటునుంచి మనకు ఫారసీ, ఉర్దూల మీదుగా హక్కు, వసూలు, జవాబు, తారీఖు, చివరికి రైతు అనే మాట కూడా వచ్చాయి.

చెవితో చదివిన చదువు

ఒమన్ నుంచి చమురు ఎగుమతి 1967లో మొదలైంది. 1970లో సుల్తాన్ ఖాబూస్ గద్దెనెక్కాక రోడ్లు, రేవులు, బడులు, ఆసుపత్రుల పనులు ఊపందుకున్నాయి. గోదావరి జిల్లాల నుంచి, కడప నుంచి, కరీంనగర్, నిజామాబాద్‌ల నుంచి మనవాళ్లు వచ్చారు. వాళ్లకు బడి లేదు, పంతులు లేడు. పై మంచం మీది మలయాళీ, పక్క మంచం మీది బెంగాలీ, పాకిస్తానీ వీళ్లే గురువులు. ముందు హిందీ, ఆ తర్వాత అరబ్బీ.

ఆ అరబ్బీ కూడా పుస్తకాల అరబ్బీ కాదు. ఆనా, ఇంతా, ఫీ, మాఫీ, బుక్రా, ఖలాస్. అందులో ‘సీదా’ అనే హిందీ మాట కూడా కలిసిపోయింది. దీన్ని 1990లో జె.ఆర్. స్మార్ట్ అనే పండితుడు గల్ఫ్ పిడ్జిన్ అరబ్బీగా వర్ణించారు. ఈ భాషలో క్రియ మారదు. ‘ఆనా రూ’ అంటే వెళ్లాను, వెళ్తున్నాను, వెళ్తాను, ఏదైనా కావచ్చు. పని చెప్పించుకోవడానికి అది చాలు. ‘ఇచ్చారా, ఇస్తారా’ అని లెక్క అడగాలంటే చాలదు.

ముప్పై రోజుల్లో అరబ్బీ నేర్పుతామనే పుస్తకాలూ మనవాళ్ల పెట్టెల్లో ఉండేవి. కానీ గుండెను చెప్పే మాటకూ కుక్కను చెప్పే మాటకూ తెలుగు అక్షరాల్లో తేడా రాయలేం. రెండూ ‘కల్బ్’ అనే కనిపిస్తాయి. గుండెకు ‘క’ గొంతు లోపలి నుంచి రావాలి. అది వింటేనే తెలుస్తుంది.

జేబులోకి వచ్చిన పంతులు

ఒమన్‌లో ఇంటర్నెట్ 1997లో మొదలైంది. రెండో మొబైల్ కంపెనీ నవ్రస్ 2005లో వచ్చింది. గూగుల్ అనువాదంలో అరబ్బీ 2006లో, తెలుగు 2011లో చేరాయి. ఇంగ్లీషు రాని మనిషి కూడా తెలుగులో అడిగి అరబ్బీలో జవాబు చూసుకునే వీలు అప్పటి నుంచే. ఇప్పుడు మాట నొక్కితే పలుకు కూడా వినిపిస్తుంది. పుస్తకం చేయలేనిది ఫోన్ చేసింది.

అయితే దాని లోపాలూ తెలుసుకోవాలి. ఈ అనువాదం చాలాకాలం లోపల ఇంగ్లీషు మీదుగానే సాగింది. ఆ దారిలో మన ‘మీరు’ గౌరవం పోతుంది, ఆడ మగ తేడా పోతుంది. ఇళ్లలో పనిచేసే మన అక్కచెల్లెళ్లు మేడమ్‌తో ‘అంతి’ అనాల్సిన చోట ఫోన్ మగవాళ్లకు చెప్పే ‘అంత’ ఇచ్చే ప్రమాదం ఉంది. ‘ఇప్పుడు’ అంటే అది ‘అల్ ఆన్’ అంటుంది, బజారులో జనం ‘అల్ హీన్’ అంటారు.

ఇంకో నష్టం మేము కళ్లారా చూస్తున్నాం. ఒకప్పుడు గదికి ఒకే టీవీ. కలిసి చూసేవాళ్లం, మాట్లాడుకునేవాళ్లం. ఇప్పుడు ఎవరి మంచం మీద వాళ్లు, చెవిలో తెలుగు పాటలు. రెండేళ్లయినా హిందీ రాని కుర్రాళ్లు మా క్యాంపులోనే ఉన్నారు.

సంతకం ముందు

2003 నాటి ఒమన్ కార్మిక చట్టం ఒప్పందం రాతలో ఉండాలంది. వేరే భాషలో రాస్తే అరబ్బీ ప్రతి జతచేయాలంది. 2023లో కొత్త చట్టం వచ్చింది. అయినా ఆఫీసులో చెల్లేది అరబ్బీ కాగితమే. ఏళ్ల తరబడి మనం చదవకుండా వేలిముద్ర వేసింది దాని మీదే.

మా గదిలో ఒకాయన సెలవు మీద ఇంటికి వెళ్లేముందు సెలవు కాగితమంటూ ఒకటి సంతకానికి ఇచ్చారు. ఆయన ఫోన్ కెమెరా దాని మీద పెట్టాడు. ‘నాకు రావలసినదంతా ముట్టింది’ అని తెలుగులో కనిపించింది. ముట్టలేదు. పెన్ను కింద పెట్టి, ‘హిసాబ్ అవ్వల్, తౌఖీ బాదేన్’ అన్నాడు. ముందు లెక్క, తర్వాత సంతకం అని. కాగితం చదివి పెట్టింది ఫోన్. నోట వచ్చిన ఆ నాలుగు మాటలు మాత్రం పదేళ్ల కిందట పై మంచం మీది మలయాళీ నేర్పినవి.

కాబట్టి సోదరులారా, రెండూ కావాలి. ఏ కాగితమైనా సంతకానికి ముందు ఫోటో తీసుకోండి. ఫోన్ చెప్పిన అర్థాన్ని అరబ్బీ తెలిసిన మనిషితో సరిచూసుకోండి. శుక్రవారం వంట అయ్యాక చెవుల్లోంచి ఇయర్‌ఫోన్ తీసి, కొత్తవాళ్లకు పది మాటలు నేర్పండి. మొదటి మాట ‘హఖ్’ అయితే మంచిది. అరబ్బీలో రెండక్షరాలే, గుర్తుపట్టడం తేలిక. అర్థం మనం ఊళ్లోనే నేర్చుకున్నాం: హక్కు.