ముడుపు: కోటగిరి ప్రాంతంలో మతం అనే మాటకు అర్థం

నిజామాబాద్ జిల్లా కోటగిరిలో ఎవరినైనా "మీ మతమేంది?" అని అడగండి. జవాబు జనాభా లెక్కల కాగితంలో రాసుకున్నట్టే ఒక్క ముక్కలో వస్తుంది. "మీ ఇంట్ల ఏ దేవునికి చేస్తరు?" అంటే మాత్రం మాట తొందరగా తెగదు. ఇంటి దేవుడు, ఊరి పోచమ్మ, పెళ్ళయినంక వేములవాడ రాజన్న, పిల్లగాని జ్వరం తగ్గితే బడాపహాడ్ దర్గా. ఈ వ్యాసానికి ఆధారం ఆ రెండో జవాబు.

'మతం' మనకు కొత్త మాటేమీ కాదు, పాత మాటకు కొత్త పని అప్పజెప్పారంతే. తలచుట అనే అర్థమున్న 'మన్' ధాతువు నుండి వచ్చింది కాబట్టి మతమంటే అభిప్రాయం. సమ్మతం, అభిమతం, ఏకాభిప్రాయానికి ఏకమతం అనడంలో ఆ అర్థం ఇంకా బతికే ఉంది. వ్యాకరణ గ్రంథాల్లో పాణిని మతం అంటే పాణిని పూజించిన దేవుడు కాదు. పాశ్చాత్యుల 'రిలిజియన్'కు ఈ మాటనే స్థిరపరచినప్పుడు, మతమంటే ఫలానా సంగతిని ఒప్పుకోవడమే అన్న భావన కూడా బలపడింది. 1871లో మానవశాస్త్రవేత్త ఎడ్వర్డ్ టైలర్ ఇచ్చిన నిర్వచనం అటువంటిదే: కంటికి కనబడని శక్తులున్నాయన్న నమ్మకమే మతమన్నాడు. మంజీరా ఒడ్డున ఈ నిర్వచనం కుంటుతుంది. ఇక్కడ దేవుడున్నాడా లేడా అన్న చర్చ తక్కువ. దేవునికిచ్చిన మాట ఏమైందన్న ఆరా ఎక్కువ.

ముడుపునే చూద్దాం. తెల్లగుడ్డ ముక్కను పసుపు నీళ్ళలో ముంచి ఆరబెడతారు. అందులో ఒక రూపాయి బిళ్ళ, నాలుగు బియ్యపు గింజలు పెట్టి, కోరిక చెప్పుకుని ముడి వేస్తారు. దేవుని అర్రలో దూలానికో మేకుకో కడతారు. పని అయినా కాకున్నా రోజూ దీపం పెట్టేటప్పుడు ఆ ముడి కంట పడుతూనే ఉంటుంది. పసుపు వెలిసిపోతుంది, పొయ్యి పొగకు గుడ్డ నల్లబడుతుంది. కోరిక తీరిన రోజున అదే గుడ్డను గుడికి తీసుకుపోయి అప్పజెబుతారు. "మొక్కు ముట్టజెప్పినం" అంటారు. ఆలస్యమైతే "దేవుని బాకీ ఉన్నది" అంటారు. ఇవన్నీ అప్పూ పద్దుల భాష నుండి వచ్చిన మాటలే.

లాటిన్ 'రెలిజియో'కు కట్టివేయడమనే అర్థం చెప్పినవాడు నాల్గవ శతాబ్దపు క్రైస్తవ రచయిత లాక్టాంటియస్. అంతకు ముందే సిసిరో వేరే వ్యుత్పత్తి చెప్పాడు గనుక పండితులకు ఈ పేచీ తేలలేదు. మన ముడుపు ముందు నిలబడితే మాత్రం లాక్టాంటియస్ వైపే మొగ్గాలనిపిస్తుంది. ఇవ్వడం, పుచ్చుకోవడం, తిరిగి ఇవ్వడం మనుషులను కట్టి ఉంచే బాధ్యతలని సమాజశాస్త్రవేత్త మార్సెల్ మోస్ 1925లో రాశాడు. ఆ బాధ్యత ఇక్కడ పాతదే. కోటగిరి పేరుతో ఒక తామ్ర శాసనం ఉంది, కాకతీయ రుద్రమదేవి ఏలుబడిలోది, 1273 నాటిది. ఆ కాలపు దాన శాసనాలు సాధారణంగా దానాన్ని అపహరించినవారికి శాపం పెట్టి ముగుస్తాయి. రాగిరేకు మీద చెక్కినా పసుపు గుడ్డలో మూటగట్టినా, మాట తప్పితే ఏమవుతుందన్న భయం ఒకటే.

ఈ బాకీకి జనాభా లెక్కల గడులతో పని లేదు. వర్ని వైపు బడాపహాడ్ గుట్ట మీద సయ్యద్ సాదుల్లా హుస్సేనీ దర్గాకు మొక్కిన హిందూ కుటుంబాలు గుట్ట దగ్గరే 'కందూరు' చేస్తాయి. యాటను కోయించి, ఫాతెహా చదివించి, చెట్ల కింద పొయ్యిలు పెట్టి వండుకుంటారు. బంధువులకు, పక్క పొయ్యి వాళ్ళకు, అడిగిన బిచ్చగానికి పెట్టాకే తింటారు. దీన్ని మతసామరస్యమని పత్రికలు మెచ్చుకుంటాయి. ఆ మెప్పు నాకంతగా రుచించదు. రెండు అభిప్రాయాలను సమన్వయం చేస్తున్నామన్న ఊహ ఆ పొయ్యి దగ్గర కూర్చున్న తల్లికి ఉండదు. పిల్లగాని పానం బాగైంది, మాట చెల్లించాలి, అంతే.

బోధన్ దగ్గరి హున్సాలో హోలీ నాటి పిడిగుద్దులాట ఇంకో కోణం చూపిస్తుంది. సాయంత్రం ఊరి మగవాళ్ళు రెండు జట్లయి, మధ్యలో కట్టిన తాడును ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో గుద్దుకుంటారు. కాసేపటికి ఆట ఆగుతుంది. నెత్తురు కారిన చోట కాముని దహనపు బూడిద రాసుకుని, గుద్దుకున్నవాళ్ళే అలాయ్‌బలాయ్ తీసుకుంటారు. పోలీసులు వద్దన్నా ఆట ఆగదు. ఆపితే ఊరికి కీడని నమ్మకం. గుంపు ఒకచోట చేరి ఉప్పొంగినప్పుడు పుట్టే శక్తినే మనిషి దైవంగా ఎరుగుతాడని సమాజశాస్త్రవేత్త ఎమిల్ దుర్‌ఖైం 1912లో వాదించాడు. హున్సాలో నాకు ఆ ఉప్పెన కన్నా తాడే ముఖ్యంగా తోస్తుంది. కొట్టుకునేవాళ్ళు కూడా ఒకే తాడును పట్టుకోవాలన్న షరతు అది.

మరి ఆ తాడు అందనివాళ్ళ మాటేమిటి? నిజామాబాద్ పల్లెల్లో గ్రామాభివృద్ధి కమిటీలున్నాయి. గుడి కట్టించేదీ, పండుగకు చందా వేసేదీ తరచు అవే. తీర్మానానికి ఎదురు చెప్పిన కుటుంబాన్ని, కొన్నిచోట్ల ఒక కులాన్నే, వెలి వేసేదీ అవే. వారితో మాట్లాడొద్దు, వారికి కిరాణం అమ్మొద్దని చాటింపు వేయిస్తాయి. మంజీరాకు అవతల మహారాష్ట్ర 2016లో సాంఘిక బహిష్కరణ మీద ప్రత్యేకంగా చట్టమే చేయాల్సి వచ్చింది. కట్టి ఉంచే శక్తిని పొగిడే సిద్ధాంతాలన్నీ ఈ చాటింపును కూడా లెక్కలోకి తీసుకోవాలి. వెలి వేయగలిగేది ముందు కట్టి ఉంచగలిగినదే.

ఇదే జిల్లాలో దీనికి ఎదురు సాక్ష్యం డిచ్‌పల్లి. కుష్ఠు సోకిన మనిషిని ఊరు బయటికి పంపే రోజుల్లో, 1915లో, వెస్లియన్ మిషన్ డాక్టరు ఇసబెల్ కెర్ అక్కడ ఆసుపత్రి తెరిచింది. అందుకు డబ్బిచ్చిన దాత రాజా నర్సాగౌడ్ హిందువు. ఆమెది ఏ సిద్ధాంతం, ఆయనది ఏ సంప్రదాయం అన్నది మంచం పట్టిన రోగికి రెండో సంగతి. ఊరు తెంపిన ముడిని ఎవరో మళ్ళీ వేశారు.

అయినా మతాన్నంతా బాకీగా తేల్చేస్తే అన్యాయమవుతుంది. ఆ అభ్యంతరం పుట్టిందీ ఈ గడ్డ మీదే. బోధన్‌ను ప్రాచీన అస్మక రాజ్యపు రాజధాని పోతనగా చాలామంది చరిత్రకారులు గుర్తిస్తారు. అస్మకంలో గోదావరి ఒడ్డున ఉన్న బావరి కథ బౌద్ధ గ్రంథం సుత్తనిపాతంలో ఉంది. యజ్ఞం చేసి ఉన్నదంతా దానమిచ్చిన బావరిని ఒక బ్రాహ్మణుడు వచ్చి 500 అడిగాడు. లేవంటే, ఏడో రోజున నీ తల ఏడు ముక్కలవుతుందని శపించాడు. తీర్చలేని బాకీకి వణికిపోయిన బావరి పదహారుమంది శిష్యులను బుద్ధుని దగ్గరికి పంపాడు. తల అంటే అవిద్య, దాన్ని పగలగొట్టేది విద్య అని జవాబొచ్చింది. మాట చెల్లించడంతో తీరని ప్రశ్న ఒకటి మిగిలే ఉంటుందనీ, దానికోసం మనిషి బుద్ధుడున్న మగధ దాకా నడుస్తాడనీ బావరి కథ ఒప్పిస్తుంది. ఆ నడక కొందరిదే. మిగతావాళ్ళం ముడుపు దగ్గరే ఉంటాం.

ఇక్కడి పాత ఇళ్ళలో దూలానికి వేలాడే ముడుపును ఇప్పుడు విప్పితే ఒక్కోసారి చారాణా బిళ్ళ బయటపడుతుంది. 2011 జూన్ తరువాత ఆ బిళ్ళ ఏ దుకాణంలోనూ చెల్లదు. కట్టిన అవ్వ కూడా ఉండదు, ఏ కోరికకు కట్టిందో ఇంట్లో ఎవరికీ తెలియదు. కోడలు ఆ బిళ్ళను పారేయదు. పసుపు గుడ్డ కొత్తది తెచ్చి, చారాణాకు తోడు పదకొండు రూపాయలు పెట్టి, మళ్ళీ ముడి వేస్తుంది.