నిప్పురవ్వ – రేడియో – యంత్రశాల

లింగాల ఘనపూర్ వంటి పల్లెలలో మీడియం వేవు వింటూండగా, బావి మోటారు వేసినా ఆపినా రేడియో చిటపటలాడడం శ్రోతలెరిగినదే. స్టార్టరులో రేగే నిప్పురవ్వ దానికి కారణం. చిత్రమేమంటే, 1887లో హెర్ట్జ్ పండితుడు రేడియో తరంగాలను పుట్టించినదీ నిప్పురవ్వతోనే! తల్లియే బిడ్డకు బెడద అయినది. ఈ రొద నివారణకై 1934లో ఒక అంతర్జాతీయ సంఘమే ఏర్పడింది.

1943లో సికింద్రాబాదున ప్రాగా టూల్స్ వెలసిననాడు యంత్రాన్ని నడిపినది మనిషి చేయి. చేతికి ఈ రొద సోకదు. 1952లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ, చిల్లుల పట్టీ ఆజ్ఞలతో నడిచే మిల్లింగు యంత్రాన్ని ప్రదర్శించింది. నేటి కంప్యూటరు యంత్రాలు సన్నని విద్యుత్ స్పందనలను లెక్కించి పనిముట్టును జరుపుతాయి. పక్కనున్న కాంటాక్టరు రవ్వ ఒక దొంగ స్పందనను చేర్చిన, పనిముట్టు దారి తప్పుతుంది; చెక్కుతున్న వస్తువు చెడుతుంది, ఒక్కొక్కప్పుడు పనివాని వ్రేళ్ళకే ముప్పు.

వెంటనే ఖరీదైన ఎలక్ట్రానిక్ బోర్డును మార్చడం తొందరపాటని మా అభిప్రాయం. సంకేతాల తీగలను కరెంటు తీగలకు దూరంగా, లోహపు తొడుగులో నడపాలి. స్టూడియోలో మైకు తీగలను మేము నడిపేదీ ఇట్లే. కాంటాక్టరు చుట్టకు రవ్వను అణచే కెపాసిటరు, రెసిస్టరు జతపరచాలి. రవ్వ ఏ మూల పుడుతున్నదో తెలియనప్పుడు, ట్రాన్సిస్టరు రేడియోలో ఏ స్టేషనూ పలకని చోట ముల్లు నిలిపి, యంత్రశాలంతా త్రిప్పి చూడవచ్చు. గరగర హెచ్చిన చోటనే వెదకవలె.