దేహంలోని సమత్వం

ఆరోగ్యమనగా నేమి? రోగం లేకపోవుటయే ఆరోగ్యమని మనం సాధారణంగా భావిస్తాము. ప్రాచీన భారత వైద్యులు ఆ మాటతో తృప్తిపడలేదు. దోషాలు, జఠరాగ్ని, ధాతువులు, మలవిసర్జన సమస్థితిలో ఉండి, ఆత్మయు, ఇంద్రియాలును, మనస్సును ప్రసన్నంగా ఉన్నవాడే స్వస్థుడని సుశ్రుత సంహిత నిర్వచించినది. ధాతుసామ్యాన్ని నిలుపుటయే వైద్యశాస్త్ర ప్రయోజనమని చరక సంహిత చెప్పినది. అన్నరసం మొదలుకొని సప్తధాతువులు క్రమంగా ఒకదాని నుండి మరొకటి పుష్టి పొందునని వారి భావన. దేహం ఒకసారి కట్టి విడిచిన ఇల్లు వంటిది కాదనియు, అనుక్షణం సరిదిద్దుకొనుచు నిలిచే వ్యవస్థ అనియు వారు గుర్తించినారు.

ఐరోపాలో ఈ ప్రశ్న పందొమ్మిదవ శతాబ్దంలో కొత్త రూపంలో తలయెత్తినది. ప్రాణికి వెలుపలి పరిసరమే కాక లోపలి పరిసరమొకటి కలదనియు, అది స్థిరంగా నిలిచినప్పుడే స్వేచ్ఛాజీవనం సాధ్యమనియు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు క్లాడ్ బెర్నార్డ్ ప్రతిపాదించినారు. అమెరికాలో వాల్టర్ కానన్ 1926లో ఈ సమస్థితికి 'హోమియోస్టాసిస్' అని పేరు పెట్టినారు. ఇది మన ధాతుసామ్యమే అని గర్వించుట సులభం. కాని అది సత్యానికి దూరం. త్రిదోష సిద్ధాంతం వేరు, ప్రయోగశాలలో కొలిచి తేల్చిన ఉప్పునీళ్ళ లెక్క వేరు. ఉభయులు అడిగిన ప్రశ్నలో మాత్రం పోలిక ఉన్నది.

ఆ లెక్క ఏమిటో చూతము. వయోజనుడైన పురుషుని బరువులో నూటికి సుమారు 60 పాళ్ళు నీరే. అందులో ఇంచుమించు మూడింట రెండు వంతులు జీవకణాల లోపల, తక్కినది వెలుపల ఉండును. లోపల పొటాషియం, వెలుపల సోడియం అధికం. కణాలు కలిసి కణజాలాలుగా, కణజాలాలు అవయవాలుగా ఏర్పడినవి; ఆ అవయవాలన్నియు ఈ నీటికి కాపలాదారులే. మూత్రపిండాలు దినానికి సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడపోసి, ఒకటి రెండు లీటర్లు తప్ప తక్కినదంతా రక్తానికి తిరిగి అప్పగించును. కొరత కలిగినప్పుడు దాహం హెచ్చరించును.

కలరా ఈ కాపలాను గంటలలో కూలద్రోయును. 1817లో వంగదేశం నుండి బయలుదేరి లోకాన్ని చుట్టిన ఈ మహమ్మారి బ్రిటనుకు చేరినప్పుడు, రోగి రక్తంలో నీరును లవణాలును తరిగిపోవుచున్నవని 1831లో విలియం ఓషానెస్సీ కనుగొన్నారు. మరుసటి యేడు స్కాట్లండులో థామస్ లాట్టా ఉప్పునీటిని నరం గుండా ఎక్కించి కొందరిని బ్రతికించినారు. ఆనాటి వైద్యలోకం ఆ మార్గాన్ని విడిచిపెట్టినది. పిమ్మట అది తిరిగి ఆదరణ పొందినను, శుద్ధమైన సెలైను, సూది, శిక్షణ పొందిన చేయి కావలెను. పేదవాని గుడిసెలో ఇవి ఏవి?

జవాబుకు దారి మన నేలమీదనే తెరచుకొన్నది. కలరా క్రిమి విడిచే విషమే పేగులోనికి నీటిని కురిపించునని కలకత్తాలో శంభునాథ్ డే కుందేళ్ళపై ప్రయోగించి 1959లో నిరూపించినారు. పేగుగోడ ధ్వంసం కాదని తర్వాత తేలినది. గ్లూకోజు తనతో సోడియాన్ని పేగు నుండి లోనికి తీసుకొనిపోవునని 1960లో రాబర్ట్ క్రేన్ సూచించినారు. విషం ఈ ద్వారాన్ని మూయలేదు. చక్కెరయు ఉప్పును కలిపిన నీటిని నోటి ద్వారా ఇచ్చి కలరాను నయం చేయవచ్చునని 1968లో ఢాకాలో డేవిడ్ నేలిన్, రిచర్డ్ క్యాష్ చూపినారు.

1971లో తూర్పు పాకిస్తాను నుండి లక్షలాది శరణార్థులు పశ్చిమ బెంగాలుకు తరలివచ్చినారు. బన్‌గావ్ ఆస్పత్రి గదులలో రోగులు నేలపై పడియున్నారు. సెలైను సీసాలు నిండుకొన్నవి. అప్పుడు డాక్టరు దిలీప్ మహలనబీస్ గ్లూకోజు, ఉప్పు, వంటసోడాలను నీటిలో కలిపించి, రోగుల బంధువుల చేతికే ఇచ్చి త్రాగింపజేసినారు. ఆ పద్ధతి ఇంకను అందరి అంగీకారం పొందినది కాదు. అయినను ఆయన సాహసించినారు. మూడువేలకు పైగా రోగులలో మరణాలు నూటికి 4కు లోపుగా నిలిచినవి. 1980 నుండి బంగ్లాదేశంలో బ్రాక్ సంస్థ కార్యకర్తలు ఇల్లిల్లు తిరిగి, గుప్పెడు బెల్లం, మూడువేళ్ళ చిటికెడు ఉప్పు, అరసేరు నీరు కలుపుటను తల్లులకు నేర్పినారు.

దేహం తన సమత్వాన్ని తానే కాపాడుకొనును. కాపాడుకొనలేనప్పుడు చేయూత కోరును. ఆ చేయి వైద్యునిదే కానక్కరలేదని ఈ చరిత్ర తెలుపుచున్నది. శతాబ్దాల శాస్త్రం చివరకు తల్లి చేతి కొలతలో ఇమిడినది. 2022లో మహలనబీస్ కన్నుమూసినారు. మరుసటి యేడు ప్రభుత్వం ఆయనకు పద్మవిభూషణ్ ప్రకటించినది. ఆయన త్రాగించిన ఆ నీటికి నేడు ఊరూరా మందుల కొట్లలో కొద్దిపాటి వెల మాత్రమే.